నెబ్యులా పక్కకెళ్లి నిలబడినా ఆ రంగులు కనపడవు

టెలిస్కోప్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావ్ అని ఎవరైనా అడిగితే నేను బడ్జెట్ కన్నా ముందు అడిగేది ఏం చూద్దామని అని. చంద్రుడు, శని చుట్టూ రింగులు, గురుడి పక్కన నాలుగు చుక్కలు అంటే వెంటనే కొనేయమంటా, అక్కడ మోసం లేదు, ఫోటోలో ఉన్నట్టే కనిపిస్తాయి కాకపోతే చిన్నగా. అదే నెబ్యులాలు, అంటే ఆకాశంలో ఉండే గ్యాస్ మేఘాలు చూడాలి, ఫోన్ వాల్‌పేపర్‌లో ఉన్నట్టు ఎరుపూ నీలం ఊదా కలిసిపోయిన మేఘాలు చూడాలి అంటే మాత్రం, ముందు ఎవరిదైనా టెలిస్కోప్‌లో ఒకసారి చూడు, అప్పుడు డబ్బులు పెట్టు అంటా.

ఎందుకంటే ఈ మొహాలు నేను చాలా చూశాను. జనవరి చివర్లో రాత్రి తొమ్మిదింటికి మృగశిర, ఆరుద్ర ఉన్న ఓరియన్ (వేటగాడు) గుంపు మన విశాఖలో బాగా ఎత్తుకి వచ్చేస్తుంది, ఆ వేటగాడి కత్తి దగ్గర ఉండేదే ఓరియన్ నెబ్యులా, కేటలాగ్‌లో దాని పేరు ఎం42. ఆకాశంలో ఇంతకన్నా ఈజీగా దొరికే బ్రైట్ నెబ్యులా మన వైపు నుంచి ఇంకోటి లేదు. దాన్ని ఐపీస్‌లో (టెలిస్కోప్‌కి కన్ను ఆనించే లెన్స్) పెట్టి చూడమంటే మా కింద ఫ్లాట్ పెద్దమ్మగారు కన్ను ఆనించి ఒక నిమిషం చూసి, "ఇదేటి బాబూ, అద్దానికి ఆవిరి పట్టినట్టుంది, తుడవవేటి?" అన్నారు. నేను నిజంగానే ఒకసారి ఐపీస్ చూసుకున్నా, మన సముద్రం గాలికి ఆవిరి పట్టడం పెద్ద వింతేం కాదు కదా. కానీ ఐపీస్ శుభ్రంగానే ఉంది. ఆవిడ చూసిందే నెబ్యులా. బూడిద రంగు పొగ, మధ్యలో నాలుగు చిన్న నక్షత్రాలు, కాస్త ఓపిక పడితే ఆ పొగ మధ్యలో ఎక్కడో లేత ఆకుపచ్చ ఛాయ. అంతే.

ఇక్కడ అందరూ అనుకునేది, అది చాలా దూరంలో ఉంది కాబట్టి రంగు అందట్లేదు, పెద్ద టెలిస్కోప్ అయితే, లేదా ఎప్పటికైనా స్పేస్‌షిప్‌లో దగ్గరికి వెళ్తే ఆ ఫోటోలో ఉన్నట్టే కనిపిస్తుంది అని. కనిపించదు. ఇదే నేను ఇవాళ చెప్పాలనుకున్నది, దీనికోసమే ఇంత రాస్తున్నా.

ముందు మన కన్ను సంగతి. కంటి వెనక పొరలో రెండు రకాల కణాలు ఉంటాయి, కోన్స్ అని రాడ్స్ అని. కోన్స్ సుమారు 60 లక్షలు, రాడ్స్ 10 కోట్ల పైమాటే. కోన్స్‌లో మూడు రకాలున్నాయి, ఒక్కో రకం ఒక్కో రకం వెలుతురుకి ఎక్కువ స్పందిస్తుంది, ఆ మూడూ పంపిన సిగ్నల్స్‌ని పోల్చి చూసుకుని మెదడు ఇది ఎరుపు ఇది నీలం అని తేల్చుకుంటుంది. కానీ కోన్స్‌కి వెలుతురు దండిగా కావాలి, లేకపోతే పనిచెయ్యవు. రాడ్స్ వేరే రకం, అసలు ఏ మాత్రం వెలుతురున్నా పట్టేస్తాయి, 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అని ముగ్గురు చేసిన ప్రయోగంలో ఒక రాడ్ ఒకే ఒక్క ఫోటాన్‌కి (వెలుతురు కణానికి) కూడా స్పందించగలదని తేలింది. ఒక్క ఫోటాన్! ఇంత సున్నితమైన పరికరం ఒంట్లో పెట్టుకుని మనం కన్నుది చేతకానితనం అంటున్నాం. కాకపోతే రాడ్స్ అన్నీ ఒకే రకం. పోల్చుకోడానికి రెండోది లేదు, కాబట్టి వాటికి తెలిసేది ఎంత వెలుతురు అన్నదే, ఏ రంగు వెలుతురు అన్నది కాదు. చీకట్లో లోకం మొత్తం బూడిద రంగులోకి మారిపోయేది అందుకే.

దీన్ని చూడ్డానికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు. సాయంత్రం లైట్లు వెయ్యకముందు బాల్కనీలో ఎర్ర మందారం కుండీ దగ్గర నిలబడి చూడండి, పగలు ఆకుల కన్నా పువ్వే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా, చీకటి పడేకొద్దీ పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంటాయి. కోన్స్ నుంచి రాడ్స్‌కి డ్యూటీ మారుతున్న టైం అది. కోన్స్‌కి కలిపి చూస్తే బాగా కనిపించేది 555 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ (వెలుతురు తరంగం పొడవు) దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ, రాడ్స్‌కి 507 దగ్గర, అంటే నీలం వైపు ఆకుపచ్చ. ఎరుపంటే రాడ్స్‌కి దాదాపు గుడ్డితనమే. 1819లో పుర్కిన్యే అనే చెక్ సైంటిస్టు ఇది గమనించాడు, అందుకే దీన్ని పుర్కిన్యే షిఫ్ట్ అంటారు.

ఇప్పుడు నెబ్యులాకి వద్దాం. ఫోటోల్లో ఆ ఎరుపు ఎక్కడిదంటే హైడ్రోజన్‌ది, 656.3 నానోమీటర్ల దగ్గర వచ్చే హైడ్రోజన్ ఆల్ఫా. ఆ వేవ్‌లెంగ్త్ దగ్గర మన కోన్స్ పనితనం వాటి బెస్ట్‌లో ఏడెనిమిది శాతం ఉంటుంది, రాడ్స్ పనితనమైతే వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. అంటే నెబ్యులా ఏ రంగులో అయితే గట్టిగా వెలుగుతోందో ఆ రంగు దగ్గరే రాత్రి కన్ను షట్టర్ దించేసి కూర్చుంది. ఇంకో పక్క నెబ్యులాలో ఆక్సిజన్ ఉంది, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్, అది 500.7 దగ్గరా 495.9 దగ్గరా వెలుగుతుంది. రాడ్స్ బెస్ట్ 507 అన్నాను కదా, ఎంత దగ్గరో చూడండి. మనకి ఐపీస్‌లో కనిపించే ఆ బూడిద పొగలో చాలా భాగం ఈ ఆక్సిజన్ వెలుతురే. మధ్యలో బ్రైట్‌గా ఉన్నచోట కోన్స్ కూడా కాస్త మేలుకుంటాయి, వాటికి 500 దగ్గర మూడో వంతు పనితనం ఉంది కాబట్టి అన్ని రంగుల కన్నా ముందు పైకి తేలేది ఆకుపచ్చే. ఆ పచ్చదనం మన భ్రమ కాదు, అది నిజంగా అక్కడ ఉన్న ఆక్సిజన్ రంగు.

ఈ ఆకుపచ్చ గీతకి ఒక కథ ఉంది, మన ఆంధ్రా దాకా వస్తుంది. 1864 ఆగస్టులో ఇంగ్లాండ్‌లో విలియం హగ్గిన్స్ డ్రాకో రాశిలో ఉన్న ఒక నెబ్యులా వెలుతుర్ని స్పెక్ట్రోస్కోప్‌లో, అంటే వెలుతుర్ని రంగులుగా విడదీసి చూపించే పరికరంలో చూశాడు, అప్పటిదాకా నెబ్యులాలంటే విడివిడిగా కనపడని నక్షత్రాల గుంపులేనా, నిజంగా గ్యాసా అని పెద్ద తగాదా నడుస్తోంది. ఆయనకి ఇంద్రధనుస్సు పట్టీ రాలేదు, ఆకుపచ్చలో గీత వచ్చింది, అంటే గ్యాస్. కానీ ఆ గీత భూమ్మీద ఏ మూలకానికీ కలవలేదు, దాంతో ఇదేదో కొత్త మూలకమని నెబ్యులియం అని పేరు పెట్టేశారు. నాలుగేళ్ల తర్వాత 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన వైపు నుంచి వెళ్లింది, ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ మన గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ పెట్టుకు కూర్చున్నాడు, మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మచిలీపట్నంలో కూర్చున్నాడు. ఆ ఏడాదే సూర్యుడి వెలుతురులో ఒక తెలియని పసుపు గీత బయటపడింది, దానికి హీలియం అని పేరు పెట్టారు. హీలియం 1895లో భూమ్మీద దొరికింది. నెబ్యులియం ఎప్పటికీ దొరకలేదు, ఎందుకంటే అది లేదు, 1927లో ఐరా బోవెన్ అది మామూలు ఆక్సిజనే అని తేల్చాడు. భూమ్మీద గ్యాస్ ఎంత పల్చన చేసినా ఆ అయాన్ (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆ ఆక్సిజన్) వెలుతురు వదిలేలోపే పక్కదాన్ని గుద్దుకుంటుంది, నెబ్యులాలో మాత్రం అర నిమిషం పైగా ఎవరూ తగలకుండా కూర్చోగలదు, అప్పుడే ఆ ఆకుపచ్చ బయటికొస్తుంది. మన ల్యాబుల్లో ఉన్న వ్యాక్యూమ్ కన్నా పల్చగా ఉండే పొగ అది, మనం దాన్ని చూసి అద్దం తుడవమంటున్నాం.

సరే, టెలిస్కోప్ పెద్దదైతే? ఇక్కడ లెక్క ఉంది, బోర్ కొట్టినా చదవండి. నా దగ్గరున్నది 8 ఇంచుల డాబ్సోనియన్ అనే రకం అద్దం టెలిస్కోప్, అద్దం 200 మిల్లీమీటర్లు. చీకట్లో కుర్ర కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది అనుకుంటే, టెలిస్కోప్ కన్ను కన్నా సుమారు 800 రెట్లు ఎక్కువ వెలుతురు పోగేస్తుంది. ఇది బాక్స్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. వెయ్యనిది ఏంటంటే, నేను 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 48 రెట్లు పెద్దదవుతుంది, అంటే అడ్డం 48, నిలువు 48, ఆ 800 రెట్ల వెలుతురు 2300 రెట్ల వైశాల్యం మీద పరుచుకుంటుంది. భాగించి చూడండి, ఒక్కో చోట పడే వెలుతురు మామూలు కంటితో చూసినదాంట్లో మూడో వంతు చిల్లర. అంటే టెలిస్కోప్ నెబ్యులాని పెద్దది చేసింది కానీ డల్ చేసింది! ఎంత పెద్ద టెలిస్కోప్ తెచ్చినా, ఎన్ని లక్షలు పోసినా, ఆ ఒక్కో చోట వెలుతురు మామూలు కంటికున్న స్థాయిని దాటదు, ఆప్టిక్స్ ఒప్పుకోదు. పెద్ద టెలిస్కోప్ వల్ల లాభం ఏంటంటే అదే వెలుతురుని ఇంకా పెద్ద సైజులో చూపిస్తుంది, సైజు పెరిగితే కంటికి పట్టుకోవడం తేలిక, 16, 18 ఇంచుల అద్దాలతో చూసినవాళ్లు ఎం42 మధ్యభాగం చుట్టూ లేత గులాబీ, తుప్పు రంగు కూడా చూశామంటారు, నమ్ముతాను. కానీ పోస్టర్ కాదు.

నక్షత్రాలకి ఈ గొడవ లేదు. నక్షత్రం చుక్క, ఎంత పెద్దది చేసినా చుక్కే, కాబట్టి పోగేసిన వెలుతురంతా ఒకచోటే పడుతుంది, కోన్స్ హాయిగా పనిచేస్తాయి. అల్బిరియో అనే జంటని చూడండి, ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం, చిన్న టెలిస్కోప్‌లో కూడా ఎవరికైనా కనిపిస్తాయి. రంగులు చూడాలనే పిల్లలకి నేను ముందు చూపించేది అదే.

ఇప్పుడు స్పేస్‌షిప్. ఎం42 మనకి 1300 కాంతి సంవత్సరాల పైన దూరంలో ఉంది. దగ్గరికి వెళ్లాం అనుకోండి. సున్నం వేసిన గోడ మీద వీధి దీపం పడుతుంటే రోడ్డు అవతల నుంచి చూసినా, గోడకి నాలుగడుగుల్లో నిలబడి చూసినా గోడ పెద్దదవుతుంది తప్ప ఇంకా తెల్లబడదు కదా, నెబ్యులా కూడా అంతే. దగ్గరయ్యేకొద్దీ మొత్తం వెలుతురు పెరుగుతుంది, అదే లెక్కన ఆకాశంలో అది ఆక్రమించే చోటూ పెరుగుతుంది, రెండూ కొట్టేసుకుంటాయి. లోపలికి వెళ్లిపోతే ఇంకా ఘోరం, చుట్టూ అన్ని వైపులా పల్చటి బూడిద వెలుగు, నెబ్యులాలో ఉన్నామన్న సంగతి కూడా తెలీకపోవచ్చు. సినిమాల్లో ఓడ ఊదా మేఘాల్లోంచి దూసుకెళ్లడం చూసి నేనూ చిన్నప్పుడు చాలా ఊహించుకున్నా లెండి.

మరి ఫోటోలన్నీ అబద్ధమా అంటే, ఇది నాకు బాగా చిరాకు తెప్పించే మాట. అబద్ధం కాదు. కన్ను వెలుతురుని సెకనులో పదోవంతో ఐదోవంతో పోగేసుకుని ఖాళీ చేసేస్తుంది, కెమెరా నిమిషాలు గంటలు పోగేస్తుంది, దాని సెన్సర్‌కి చీకట్లో ఎర్ర రంగు మీద చిన్నచూపు లేదు. మీ ఫోన్‌నే నైట్ మోడ్‌లో పెట్టి ఐపీస్‌కి ఆనించి కదలకుండా కొన్ని సెకన్లు పడితే ఎం42 గులాబీ రంగులో వచ్చేస్తుంది, అప్పుడు జనం ఫోన్ చూసి ఆహా అంటారు, పక్కనే ఉన్న అసలుదాన్ని వదిలేస్తారు! ఆ ఎర్ర ఫోటాన్లు నిజంగా వచ్చినవే, మన కంట్లో కూడా పడ్డవే, కన్ను లెక్క రాసుకోలేదంతే. హబుల్ స్పేస్ టెలిస్కోప్ ఫోటోల్లో కొన్ని మాత్రం వేరే కథ. 1995లో వచ్చిన ఈగల్ నెబ్యులా స్తంభాల ఫోటోలో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు, ఏ గ్యాస్ ఎక్కడుందో విడిగా తెలియాలని. జేమ్స్ వెబ్ స్పేస్ టెలిస్కోప్‌వైతే ఇన్‌ఫ్రారెడ్, ఆ వెలుతురు మన కంటికి అసలు లేనే లేదు. అవి మ్యాపులు. మ్యాప్‌లో జిల్లాకో రంగు వేస్తే అబద్ధం అనం కదా. "అసలు రంగు ఏది" అని అడిగేవాళ్లకి నా జవాబు, ఏ కన్నుకి, ఎంత వెలుతురులో అన్నది ముందు చెప్పండి అని.

ఇంకోటి, ఈ నిరాశ కూడా ఫోటోలు తెచ్చిందే. మన విశాఖ డాబా గార్డెన్స్‌లో 1840లోనే గోడే వెంకట జగ్గారావుగారు సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నారని ఎంతమందికి తెలుసు? ఇప్పుడక్కడ ట్రాఫిక్‌లో ఆకాశం వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. ఆయన తర్వాత అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపారు, 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం కూడా విశాఖ నుంచి చూశారు. నెబ్యులాకి మొదటి ఫోటో హెన్రీ డ్రేపర్ తీసింది 1880 సెప్టెంబర్‌లో, అదీ బ్లాక్ అండ్ వైట్, అదీ ఈ ఎం42నే, 51 నిమిషాల ఎక్స్‌పోజర్. అంతకు ముందు ఐపీస్‌కి కన్ను ఆనించినవాళ్లెవరూ ఫోటో చూసి రాలేదు. వాళ్లకి ఆ లేత ఆకుపచ్చ పొగే నెబ్యులా, రంగులేవని ఎవరూ అడిగుండరు.

కానీ టెలిస్కోప్‌లో రంగు ఖచ్చితంగా కనిపించే నెబ్యులాలు ఉన్నాయి, ఇవి మాత్రం ఎవరూ చెప్పరు. ప్లానెటరీ నెబ్యులాలు అంటారు, పేరే తప్ప గ్రహాలకి సంబంధం లేదు, చచ్చిపోతున్న నక్షత్రం ఊదేసిన గ్యాస్. చిన్నగా, చిక్కగా ఉంటాయి, ఒక్కో చోట వెలుతురు ఎక్కువ, ఆక్సిజన్ గీతలు బలంగా ఉంటాయి, కాబట్టి కోన్స్‌కి అందుతాయి. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదింటికి దక్షిణం వైపు హైడ్రా అనే నక్షత్రాల గుంపులో ఎన్‌జీసీ 3242, గోస్ట్ ఆఫ్ జుపిటర్ అంటారు, మా టెర్రస్ నుంచి సిటీ లైట్లలో కూడా నీలం ఆకుపచ్చ కలిసిన చిన్న బిళ్లలా దొరుకుతుంది. నవంబర్‌లో అయితే ఆండ్రోమెడా గుంపులో ఎన్‌జీసీ 7662, బ్లూ స్నోబాల్. వీటికి మ్యాగ్నిఫికేషన్ తక్కువ పెట్టండి, పెంచితే షేప్ బాగుంటుంది కానీ రంగు పల్చబడి పోతుంది, లెక్క పైన చెప్పిందే.

ఈ 3242ని ఒకసారి మా వీధి చివర తాతగారికి చూపించాను, రిటైర్డ్ మాస్టారు, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఇంకో కంటికి కాలేదు. ఆయన ఆ కన్నూ ఈ కన్నూ మార్చి మార్చి చూసి, "ఒరేయ్, ఈ కంటికి నీలంగుంది, ఆ కంటికి తెల్లగుంది, రెండిట్లో ఏది కరెక్టురా?" అన్నారు. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ పసుపు పచ్చబడి నీలం వెలుతుర్ని ఆపేస్తుంది, ఆపరేషన్‌లో ఆ లెన్స్ తీసేసి క్లియర్‌ది పెడతారు, నీలం మళ్లీ లోపలికొస్తుంది. ఒకే మనిషి, ఒకే టెలిస్కోప్, ఒకే నిమిషం, రెండు రంగులు. ఆయనకి ఏం చెప్పాలో వెంటనే తట్టలేదు గానీ ఆ ప్రశ్న నాకు తెగ నచ్చేసింది. దీనికి తోడు కంటిపాప కూడా వయసుతో చిన్నదవుతుంది, కుర్రాళ్లకి 7 మిల్లీమీటర్లు తెరుచుకునేది యాభై దాటితే ఐదు దగ్గర ఆగిపోవచ్చు. అందుకే మీ పాప "నాకు పచ్చగా కనిపిస్తోంది డాడీ" అంటే ఊహించుకుంటోందని కొట్టిపారెయ్యకండి, తన కన్ను మీదానికన్నా మంచిది.

చూసే పద్ధతి గురించి కూడా రెండు ముక్కలు. కంటి మధ్యలో, అంటే మనం సూటిగా చూసే చోట రాడ్స్ ఉండవు, కోన్సే. రాడ్స్ గుంపుగా ఉండేది పక్కకి, 15, 20 డిగ్రీల దగ్గర. కాబట్టి పొగ ఆకారం కావాలంటే పక్కచూపు చూడాలి, కుడి కంటితో చూస్తుంటే నెబ్యులాకి కాస్త కుడి పక్కకి చూపు పెట్టండి, ఎడమ పక్కకి పెడితే అది బ్లైండ్ స్పాట్‌లో (కంట్లో ఏమీ కనపడని చోట) పడి మాయమైపోయే ఛాన్స్ ఉంది. రంగు కావాలంటే సూటిగా చూడాలి. ఎన్‌జీసీ 6826 అని ఒకటుంది, సూటిగా చూస్తే మధ్య నక్షత్రమొక్కటే మిగులుతుంది, పక్కకి చూస్తే నెబ్యులా ప్రత్యక్షం, అటూ ఇటూ చూపు మారిస్తే మిణుకు మిణుకుమంటుంది, అందుకే దాన్ని బ్లింకింగ్ ప్లానెటరీ అంటారు. రాడ్స్ పూర్తిగా రెడీ అవ్వడానికి అరగంట పైనే పడుతుంది, మధ్యలో ఒక్కసారి వాట్సాప్ తీస్తే మళ్లీ మొదటికే.

చోటు సంగతికొస్తే, సిటీలో పోర్టు లైట్లు, ఫ్యాక్టరీల మంటలు, బీచ్ రోడ్డు ఎల్‌ఈడీలు అన్నీ కలిసి ఆకాశాన్ని తెల్లగా చేసేస్తాయి, దానికి తోడు తేమ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ఘాట్ ఎక్కి అనంతగిరి దాటి అరకు వైపో, లంబసింగి వైపో వెళ్తే అదే టెలిస్కోప్‌లో ఎం42 రెక్కలు ఫీల్డ్ అంతా పరుచుకుంటాయి. అక్కడ తెల్లవారుజామున మంచు దిగిపోతుంది, కాబట్టి చూసేది ముందు రాత్రే చూసుకోవాలి, బొంగు చికెన్ తర్వాత తినొచ్చు. అయినా అక్కడా ఎరుపు రాదు, ఆశ పెట్టుకోకండి, చీకటి వల్ల పెరిగేది కాంట్రాస్ట్, నెబ్యులా వెలుతురు కాదు. విశాఖలో ఉండి మనకున్న అదృష్టం ఇంకోటి, దక్షిణానికి సముద్రం. ఏప్రిల్‌లో రుషికొండ, భీమిలి వైపు నుంచి సూటిగా దక్షిణానికి చూస్తే నీళ్లకి 12 డిగ్రీల ఎత్తులో కెరీనా నెబ్యులా వస్తుంది, ఢిల్లీ వాళ్లకి ఇది హోరిజన్‌కి రెండు డిగ్రీల ఎత్తు కూడా దాటదు, దాదాపు కనపడనట్టే. తేమ లేని రాత్రి దొరకాలి, బైనాక్యులర్స్ చాలు, లంగరేసిన ఓడల లైట్లు పక్కకి పెట్టుకుని వెతుక్కోవాలి.

చివరిగా ఫిల్టర్లు. ఆక్సిజన్ ఫిల్టర్ పెడితే రంగులొస్తాయని అమ్మేవాళ్లు చెప్తారు. అది రంగు తేదు, ఆ 500 చుట్టుపక్కల తప్ప మిగతా వెలుతురంతా ఆపేసి ఆకాశాన్ని నల్లబరుస్తుంది, దాంతో పొగ అంచులు బాగా తెలుస్తాయి, దానికోసమైతే డబ్బుకి తగ్గ వస్తువే. కాకపోతే అది పెట్టాక పక్కనున్న నక్షత్రాలు కూడా పచ్చగానే కనిపిస్తాయి, కాబట్టి అప్పుడు కనిపించే పచ్చదనాన్ని నెబ్యులా ఖాతాలో వెయ్యకండి, ఫిల్టర్ తీసేసి కూడా కనిపిస్తే అప్పుడు రాసుకోండి.